తలలు లేని ఆల్బం

ఫోటోలో మనిషికి తల ఉండి తీరాలని ఎవరు శాసించారు?

చాలాకాలం ఆలోచించి తేల్చుకున్న విషయం ఇది. తీర్థానికో, కోట చూడడానికో పోయి తీసుకునే ఫోటోల్లో తలలు లేకపోవడమే మేలు. తల వల్ల వచ్చే కష్టాలు ఒకటా, రెండా! సరిగ్గా మీట నొక్కే సమయానికి కళ్ళు మూతపడతాయి. నోరు తెరుచుకుంటుంది. పొద్దున బస్‌స్టాండులో అత్తాకోడళ్ళు పడిన తగువు ఇద్దరి మొహాల్లోనూ అచ్చుగుద్దినట్టు పడిపోతుంది. పదేళ్ళు పోయాక చూసుకుంటే, అప్పుడు ఎంత బాగుండేవాళ్ళమో అని దిగులు పుడుతుంది. తలే లేకపోతే ఈ బాధల్లో ఒక్కటైనా ఉందా?

పైగా మన జిల్లా! ఫోటోలకు అనంతపురం జిల్లా అంత అనువైన చోటు ఇంకెక్కడైనా ఉంటుందా? మిగతా జిల్లాల వాళ్ళు కెమెరా బయటికి తీస్తే చాలు, మబ్బు పడుతుంది, చినుకు రాలుతుంది. పాపం! మనకా బెడద లేదు. జూన్‌లో తీసినా ఎండే, సెప్టెంబరులో తీసినా ఎండే. ఆకాశం స్టూడియోలో కట్టిన తెల్లగుడ్డలా ఉంటుంది. చిత్రావతి ఒడ్డున నిలబడి తీసుకోవచ్చు, నడిమధ్యన నిలబడీ తీసుకోవచ్చు, పాదం తడవదు. ఇన్ని వసతులిచ్చిన దేవుడు తలలు కూడా పడాలని పట్టుబడతాడా?

ఈ కళను పై మెట్టుకు తీసుకుపోయినవాడు ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మల్లికార్జునయ్య. ఆయన కథ వింటే నా వాదం మీకే బోధపడుతుంది. అయితే ఆ కథ ఆయన వైపు నుంచి చెప్పడం కుదరదు. ఆయన కెమెరా వెనకాల నీడ చూసుకుని నిలబడతాడు. ముందు ఎండలో నిలబడేది ఆయన భార్య సుబ్బరత్నమ్మ. కాబట్టి ఆమె పక్కన నిలబడే చెప్పుకుందాం.

సుబ్బరత్నమ్మకు కెమెరా అంటే భర్త బట్టతల. అంతకుమించి ఆమెకు ఏమీ కనిపించేది కాదు. ఎందుకంటే మల్లికార్జునయ్య బెంగుళూరులో ఎవరి దగ్గరో కొనుక్కొచ్చింది రెండు కళ్ళ కెమెరా. దాన్ని కంటికి ఆనించుకోరు. పొట్ట దగ్గర పట్టుకుని, పైమూత తీసి, తల వంచి లోపలి అద్దంలోకి చూస్తారు. అందులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. తలకిందులు మాత్రం కాదు, అదొక్కటే అదృష్టం.

ఆ కెమెరా ఆయన కోసమే పుట్టిందనిపించేది ఆమెకు. అంగట్లో పరుపు మీద చీర పరిచి, తల వంచి చూడడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చూపు కింది అంచు దగ్గర మొదలవుతుంది. అక్కడ జరీ నాణ్యం చూసుకుంటుంది. కుచ్చిళ్ళ మీదుగా పైకి వస్తుంది, బుటాల దగ్గర ఆగుతుంది, భుజం మీద కొంగు చేరుతుంది. కొంగు అయిపోయిన చోట చీర అయిపోయింది. చీర అయిపోయిన చోట చూడవలసింది అయిపోయింది. టక్కున మీట నొక్కేస్తాడు. ఇందులో తప్పేముంది, మీరే చెప్పండి?

దూరంగా నిలబడి తీస్తే తలా పడుతుంది, కోటా పడుతుంది. కానీ బుటా పడదు! బుటా పడని ఫోటో ఎందుకు? అందుకని దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తాడు.

"ఎడం పక్కకు జరుగు సుబ్బరత్నా."

ఆమె జరుగుతుంది.

"ఎడం పక్కకంటే కుడి పక్కకు పోతావేమే?"

"నాకు ఎడమ ఇదే కదండీ."

"నీ ఎడమ కాదు, అద్దంలో ఎడమ!"

ఇట్లా గుత్తి కోట ముందు అటూ ఇటూ జరిగి జరిగి, చివరికి ఆమె మొదట నిలబడిన చోటికే వచ్చేది. ఆ ఫోటో ఇప్పటికీ ఆల్బంలో ఉంది. రెండు జానల అంచు, మెలి తిరిగిన హంసల వరస, భుజం మీద పొందిగ్గా పరుచుకున్న కొంగు. ఎవరైనా "గుత్తి కోట ఏదప్పా?" అని అడిగితే మల్లికార్జునయ్య ఓపికగా వేలు పెట్టి చూపిస్తాడు.

"మోచేతి పక్కన నల్లగా ఉండాదే, అదే."

నలుపు తెలుపు ఫోటోలో చీర రంగు ఎట్లా తెలుస్తుందని మీకు అనుమానం రావచ్చు. మీకు తెలియదు, నాకు తెలియదు. ఆయనకు తెలుస్తుంది. "ఇది వంకాయరంగు. ఇది చిలకపచ్చకు ఎర్రంచు" అని బూడిదరంగు కాగితం చూసి చెప్తాడు. చూపు అంటే అట్లా ఉండాలి!

అనంతపురంలో రీళ్ళు కడిగే స్టూడియో దివాకర్‌కు మొదట్లో ఈ కళ అర్థం కాలేదు. బొమ్మలు ఇస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, నేను కత్తిరించలేదన్నా. రీల్లోనే లేవు తలకాయలు. మీరు ఏమనుకుంటారో అని రాత్రంతా నిద్రలేదు."

"తలకాయల్ని ఏం చేసుకోవల్లప్పా? జరీ ఎంత బాగా వచ్చిండాదో చూడు!" అని ఆయన భుజం తట్టి వచ్చేశాడు.

ఆ ఆల్బం వల్ల ఇంట్లో ఎంత శాంతి! పెనుకొండలో సుబ్బరత్నమ్మకు తలనొప్పి వచ్చి మొహం ముడుచుకుంది. ఫోటోలో ఆ జాడే లేదు. అత్తగారు నాగలక్ష్మమ్మ మెట్లు ఎక్కలేక కొడుకును తిట్టుకుంటూ నిలబడింది. ఆ తిట్టూ పడలేదు. రెండు చీరలు పక్కపక్కన ఎంతో సఖ్యంగా ఉన్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తాడిపత్రిలో వచ్చింది.

తాడిపత్రి గుడిలో దీపం నూనె ఒలికి నాగలక్ష్మమ్మ చీర పాడయింది. సుబ్బరత్నమ్మ సంచిలో ఉన్న తన రెండో చీర తీసి అత్తగారికి కట్టబెట్టింది. గోపురం ముందు ఇద్దరూ నిలబడ్డారు. మల్లికార్జునయ్య తల వంచాడు, నొక్కాడు. గోపురంలో ఒక చెక్కడపు ముక్క, రెండు చీరలు, ఎప్పటిలాగే.

ఆ ఫోటో ఆల్బంలో అతికించి, కింద తెల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: 'ఎడమ: సుబ్బరత్న. కుడి: అమ్మ.'

అనంతపురం నుంచి సుబ్బరత్నమ్మ చెల్లెలు లలితమ్మ వచ్చినప్పుడు అందరూ చుట్టూ కూర్చుని ఆల్బం తిరగేశారు. తాడిపత్రి రాగానే నాగలక్ష్మమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఏమిరా మల్లికార్జునా! ఎడం పక్కనుండేది నేను గదా?"

"నువ్వెట్లయితావమ్మా? అది సుబ్బరత్న చీర. తామరమొగ్గ బుటా. నేనే ఏరి ఇచ్చింది."

"చీర దానిదే. లోపలుండేది నేను! ఆపొద్దు నూనె పడలేదారా? నీ పెండ్లామెవరో, నీ తల్లెవరో తెలీకుండా పాయనా నీకు?"

లలితమ్మ నవ్వి నవ్వి దగ్గింది. నాగలక్ష్మమ్మ కోపంగా మొదలుపెట్టి తానూ నవ్వేసింది. మల్లికార్జునయ్య మాత్రం బొమ్మను వెలుతురుకు పట్టి చూసి, "చీర మార్చుకున్నప్పుడు చెప్పల్ల గదా. నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

సుబ్బరత్నమ్మ కూడా అందరితో పాటు నవ్వింది. నవ్వుతూనే పుట వెనక్కి తిప్పింది. పెనుకొండ. అందులో తాను ఏ చీరో వెతుక్కుంది. దొరకలేదు. రెండూ తమ అంగడి చీరలే. ఆ నిమిషం ఆమెకు నవ్వు ఆగిపోయింది.

"అక్కా, ఇన్ని ఊర్లు తిరిగినావు గదా, ఇందులో నువ్వు యాడుండావు?" అంది లలితమ్మ.

"ఆ కొంగు నాదే."

"కొంగు సరే. మా ఆయన తీసిన ఫోటోల్లో తలకాయలు జిలకర గింజలంత ఉంటాయి. అయినా ఉంటాయి. మీరు లేపాక్షికి పోతాండారంట గదా. ఈసారన్నా తలకాయ తెచ్చుకో అక్కా."

"తెస్తాలే" అంది సుబ్బరత్నమ్మ. నవ్వుతూనే అంది. కానీ లోపల అది పట్టుదలై కూర్చుంది.

ఒక మనిషిని ఎవరూ చూడకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అన్నం తింటుంది, పని చేసుకుంటుంది, నవ్వుతుంది. కాకపోతే అద్దం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతుంది. సుబ్బరత్నమ్మ అట్లా ఆగింది. ఆయన తన మొహం చూసి ఎంతకాలమైందా అని కాదు ఆమెకు వచ్చిన ఆలోచన. అసలు చూశాడా అని. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు ఆయన తల వంచుకునే కూర్చున్నాడు. ఎంత అణకువగల పిల్లవాడో అని ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి పోయి వాళ్ళమ్మతో ఏమన్నాడో ఆమెకు పెళ్ళయ్యాక అత్తగారే చెప్పింది: "పట్టు మంచిది కట్టుకోనుండాదమ్మా. మన ఊరి మగ్గమే."

ఇంతకంటే గొప్ప సంబంధం ఉంటుందా? మొహం చూసి చేసుకున్న పెళ్ళిళ్ళన్నీ ఏమవుతున్నాయో మనం చూడడం లేదూ!

లేపాక్షికి బయలుదేరారు. ఆ ఏడూ వానలు మొహం చాటేశాయి. చేలు ఎండితే పెళ్ళిళ్ళు తగ్గుతాయి, పెళ్ళిళ్ళు తగ్గితే అంగడికి తీరిక. హిందూపురంలో బస్సు మారి, పొద్దెక్కేసరికి గుడికి చేరారు. సుబ్బరత్నమ్మ బయలుదేరేటప్పుడే పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. నిండా తీగలల్లిన పెద్ద కొంగు. ఇంటి దగ్గర ఆమె జడ వేసుకోవడం, బొట్టు దిద్దుకోవడం చూసి నాగలక్ష్మమ్మ, "ఎవరికి చూపించనీకి పిల్లా? మెడ దాకా అలంకరించుకుంటే చాలదా?" అని వేళాకోళమాడింది కూడా.

పన్నెండు బొమ్మల రీలు. గుళ్ళోకి అడుగుపెట్టాక అది కరిగిపోవడం మొదలైంది. రాతి స్తంభాల మీద తీగలు, పూలు, హంసలు చూసి మల్లికార్జునయ్యకు ఒళ్ళు తెలియలేదు.

"చూడే, చూడు! మన అంచులన్నీ ఈడనే ఉండాయి. కొంగు ఈ రాయికి ఆనించు. ఊఁ, అట్ల. చెయ్యి అడ్డం తీయి."

చెయ్యి తీసేసింది. స్తంభం మీది తీగ, కొంగులోని తీగ పక్కపక్కన ఫోటోలో పడ్డాయి. ఇంకో స్తంభం. ఇంకో కొంగు మడత. నేలకు ఆనని స్తంభం దగ్గర జనం తువ్వాళ్ళు ఒక పక్క దూర్చి ఇంకో పక్క లాగుతున్నారు. మల్లికార్జునయ్య భార్య కొంగు దూర్చాడు. కొంగుతో పాటు ఆమె వంగవలసి వచ్చింది. "కదలొద్దు!" నడుము పట్టేదాకా అట్లాగే వంగి ఉంది. ఆ ఫోటోలో స్తంభమూ పడలేదు, ఆమే పడలేదు. స్తంభం కింద నుంచి కొంగు మాత్రం ఏటిలా ప్రవహించింది. మన జిల్లాలో అంత నిండుగా పారిన ఏరు ఇంకొకటి చూపించండి!

బయటికి వచ్చి నంది దగ్గరికి నడిచేసరికి రీల్లో ఒకే ఒక్క బొమ్మ మిగిలింది. నాగలక్ష్మమ్మ కాళ్ళు నొప్పులని వేపచెట్టు నీడన చతికిలబడింది.

"ఆ రాయి బసవన్నకు ఉండాదప్పా ఎంత చక్కని మొగమూ! దాని మొగం కూడా కోసేస్తావేమి, చూస్తా" అంది.

సుబ్బరత్నమ్మ నంది పక్కన నిలబడింది. ఎదురుగా బట్టతల వంగింది. ఆమె తెగించి అడిగింది.

"ఏమండీ, నా తలకాయ పడుతుందా?"

"పడుతుందిలే. కుచ్చిళ్ళు సర్దుకో."

ఆ 'లే'లో ఏముందో ఆమెకు తెలుసు. ఆయన చూపు అంచు మీదే ఉంది. ఆమె ఉపాయంగా నంది పాదాల దగ్గర కూర్చుంది. తల కిందికి దిగితే అంచుతో పాటు పడుతుంది కదా!

"లే, లే! కూర్చుంటే పట్టు నలుగుతుంది."

లేచింది. ఎండ మాడు మీద పడుతోంది. కెమెరా ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. ఇప్పుడిక మెడ కూడా పడదు. లలితకు ఏం చెప్పాలి? ఈసారీ కొంగు నాదే అని చెప్పాలా?

అప్పుడు ఆమెకు తోచింది. ఆయన చూపును మొహం దాకా లాక్కురావడం తన వల్ల కాదు. చూపు ఎక్కడికి పోతుందో అక్కడికి మొహాన్ని తీసుకుపోవచ్చు. కొంగు అయిపోయిన చోట కదా ఆయనకు చూడవలసింది అయిపోయేది?

ఆమె భుజం మీది కొంగు తీసి, విప్పి, తల మీదుగా కప్పుకుంది. ఎండకు కప్పుకున్నట్టే. జరీ అంచు నుదుటి మీదుగా, చెంపల పక్కగా దిగింది.

"కొంగు యాడికి పాయనే?" అన్నాడు మల్లికార్జునయ్య అద్దంలోంచి తల ఎత్తకుండానే.

"యాడికీ పోలేదు. పైన ఉండాది. చూడండి."

కెమెరా మెల్లగా పైకి లేచింది. తీగ వెంట, పూల వెంట, హంసల వెంట పైకి, ఇంకా పైకి వచ్చి ఆగింది. ఆగిపోయింది. మీట చప్పుడు వినపడలేదు.

"ఏమే" అన్నాడు. "నీ గడ్డం కింద ఈ మచ్చ ఎప్పటిది? కుడి పక్కన?"

"కుడి పక్కన లేదే."

ఆయన తల ఎత్తాడు. అద్దంలో కుడివైపున్నది మనిషి దగ్గర ఎడమవైపుంది. మళ్ళీ తల వంచి చూశాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. ఆ కెమెరా చేసిన పుణ్యమంతా అదే. రెండు చోట్లా చూసి సరిపోల్చుకునేదాకా ఆయనకు మనసు నిలవలేదు.

"ఎప్పుడొచ్చింది?"

"పెండ్లికి ముందు నుంచీ ఉండాది" అంది సుబ్బరత్నమ్మ. అని ఆపుకోలేక నవ్వింది.

అప్పుడు నొక్కాడు.

చెట్టు కింది నుంచి నాగలక్ష్మమ్మ అరిచింది. "అయిపాయనా? బసవన్న తల ఉండాదా, పాయనా?"

పోయింది. నంది తల పోయింది, మూపురం పోయింది. చీర కింది అంచు కూడా పోయింది. దివాకర్ బొమ్మ కడిగి చేతిలో పెట్టే ముందు లోపలికి పోయి వాళ్ళ నాయనను పిలుచుకొచ్చి చూపించాడట. ఫోటో నిండా ఒక్క మొహం. పళ్ళు కనిపించేలా నవ్వుతున్న మొహం. గడ్డం కింద ఎడం పక్కన చిన్న మచ్చ.

లలితమ్మకు ఒక కాపీ పోయింది. ఇంకొకటి పెద్దది చేయించి, మల్లికార్జునయ్య అంగట్లో తను కూర్చునే పరుపుకు ఎదురుగా గోడకు తగిలించాడు. తల ఎత్తితే కనిపించేటట్టు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ నష్టం సంగతి కూడా మీకు చెప్పాలి కదా!

శింగనమల నుంచి ఓబమ్మ అనే ఆమె కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి వచ్చింది. గిరాకీలు లేని రోజులు. మల్లికార్జునయ్య పరుపు నిండా చీరలు పరిచాడు. ఓబమ్మకు ఒక్కటీ నచ్చలేదు. చివరికి ఆమె చూపు గోడ మీదికి పోయింది.

"ఆ పటంలో చీర బాగుండాదప్పా. అది తీయి, చూస్తా."

అంగడి వెనక ఇంట్లో సుబ్బరత్నమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె చేయి ఆగింది. ఇప్పుడు చెప్తాడు, ఆ చీర పోగు, ఆ చీర జరీ, ఏ మగ్గం మీద ఎవరు నేశారో అన్నీ చెప్తాడు అనుకుంది.

మల్లికార్జునయ్య తల ఎత్తి పటం వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"యా చీరమ్మా?" అన్నాడు. "ఆడ చీర యాడుండాది?"

"అట్లంటావేమప్పా! నెత్తిన కప్పుకోనుండాది గదా!"

"అవునా?" అన్నాడు ఆయన. "నేను చూడలేదు."

ఓబమ్మ ఇదేదో తిక్కమనిషి అనుకుని లేచి పక్కంగడికి వెళ్ళిపోయింది.

చూశారా! కరువురోజుల్లో చేతికొచ్చిన గిరాకీ చేజారిపోయింది. ఒక్క తల చేసిన పని ఇది. కాబట్టి అయ్యలారా, నా మాట వినండి. ఫోటోలు తీసేటప్పుడు కోటలు తీయండి, గోపురాలు తీయండి, చీరలు తీయండి, తలలు మాత్రం వదిలేయండి. మీకు ఏ నష్టమూ రాదు. మీ ఆవిడ మొహం ఎట్లా ఉంటుందో మీకు ఎటూ బాగా గుర్తే కదా!

గుర్తే అంటారా? అయితే ఆమె లోపల వంటింట్లో ఉండగానే, ఆల్బం తెరవకుండా చెప్పండి చూద్దాం. ఆ మచ్చ ఏ వైపుంది?